పత్తి చేలల్లో గ్యాస్ బోరు: సంతకానికి ముందు ఏం అడగాలె?

రాజురా_రేగడి
మా దిక్కు బొగ్గు పొరల్ల గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి పరీక్ష బోర్లు వేస్తరని మాట నడుస్తోంది. ఊర్లో అందరికీ పేలుడు భయమే. 1995లో కోనసీమ పాశర్లపూడిలో మంట 65 రోజులు ఆరలేదు కదా, ఇక్కడా అట్లయితదా? బావులు, చెలకల సంగతేంది? సాత్‌బారా (7/12 భూమి కాగితం) ఇచ్చే ముందు ఏమేం అడగాలె?

బల్లార్షా_డ్రిల్లర్
అన్నా, పాశర్లపూడిలో గ్యాస్ చాలా లోతున, పెద్ద ఒత్తిడితో రాతి సందుల్లో ఉంటది. బొగ్గులో మీథేన్ పొరకు అంటుకుని ఉంటది, నీటి ఒత్తిడి దాన్ని పట్టి ఉంచుతది. నెలల తరబడి నీళ్లు తోడితేగానీ గ్యాస్ సరిగ్గా రాదు. అందుకే నేనైతే ముందు నీళ్ల గురించే అడుగుతా.

ఆ నీళ్లలో సోడియం, బైకార్బోనేట్ ఎక్కువుండే అవకాశం ఉంది. నల్లరేగడికి అది విషమే. సోడియం కాల్షియంను తోసేస్తే బంకమన్ను ఉబ్బి నీళ్లు దిగవు, ఎండితే పైన గట్టి పెచ్చు కడతది. గ్యాస్ బావుల నీళ్లను వాగులోకి వదలాలంటే టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన మొత్తం లవణాలు) లీటరుకు 2100 మిల్లీగ్రాములు దాటొద్దు. కానీ అది వాగు లెక్క, చేను లెక్క కాదు. చేనుకు ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలే కార్బోనేట్, బైకార్బోనేట్ లెక్క) చూడాలె, అది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీళ్లు పెట్టొద్దు.

రిగ్ రాకముందే మీ బావులు, బోర్ల నీళ్లను ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో పరీక్ష చేయించండి: టీడీఎస్, సోడియం, బైకార్బోనేట్, క్లోరైడ్, ఫ్లోరైడ్, కరిగిన మీథేన్. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి. నీటిమట్టం కూడా రాసిపెట్టండి. మీథేన్ సీసాలో గాలి బుడగ మిగలొద్దు, మిగిలితే గ్యాస్ అందులోకి పోయి లెక్క తక్కువొస్తది. ఈ కాగితం లేకుంటే రేపు బావి చెడిపోయినా "ముందు నుంచే అట్లుంది" అంటరు.

తాటిపాక_షిఫ్ట్
నీళ్ల మాట నిజమే, కానీ గ్యాస్‌ను తేలిగ్గా తీసుకోవద్దండి. బోరు లోతు తక్కువైతే గ్యాస్ పైకి రావడానికి పట్టే టైమూ తక్కువే. మీ దగ్గర పాత భూగర్భ గనులుంటే వాటి మ్యాప్ తప్పకుండా అడగండి. బోరు గనిలోని ఖాళీ గ్యాలరీకి (సొరంగానికి) తగిలితే మడ్, అంటే బోరులో నింపి గ్యాస్‌ను అదిమి పట్టే బురద ద్రవం, అందులోకి జారిపోతుంది. 1.05 సాంద్రత మడ్ 600 మీటర్ల నిండుగా ఉంటే అడుగున చదరపు సెంటీమీటరుకు 63 కిలోల ఒత్తిడి. మట్టం 200 మీటర్లు పడితే 42 కిలోలే. పొర ఒత్తిడి అంతకన్నా ఎక్కువుంటే గ్యాస్ లోపలికొస్తుంది. పంపు ఆపినా బోరులోంచి మడ్ పారుతుంటే, ట్యాంకులో మట్టం పెరుగుతుంటే, అది కిక్ (గ్యాస్ బోరులోకి తోసుకొస్తున్నట్టు). ఆలోచిస్తూ నిలబడకుండా వెంటనే బీఓపీ (బోరు మూతి మూసే భద్రతా వాల్వు) మూసేయాలి. పైపులు వేగంగా పైకి లాగినా కిక్ రావచ్చు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు.

లైన్లు కూడా చూడండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊర్లో పేలింది బావి కాదు, పైపులైను. గ్యాస్‌తో వచ్చిన నీరు, కండెన్సేట్ పైపును లోపలి నుంచి తినేశాయి.

రాజురా_రేగడి
సమజైంది. కేసింగ్ (బోరు లోపల దించే ఉక్కు పైపు) సరిగా వేసిండ్రో లేదో బయటివాళ్లకు ఎట్ల తెలుస్తది? జనసున్వాయి (ప్రజాభిప్రాయ సేకరణ) ఉంటదా?

బల్లార్షా_డ్రిల్లర్
పర్యావరణ అనుమతి నిబంధనలకు 2020 జనవరిలో చేసిన సవరణ తర్వాత అన్వేషణ బోర్లకు జనసున్వాయి అక్కర్లేదు. ఉత్పత్తికి పోయేటప్పుడు ఉంటది. అందుకే ఇప్పుడే గ్రామసభ ద్వారా రాతపూర్వకంగా అడగండి.

సర్ఫేస్ కేసింగ్ (పైభాగంలో మొదట దించే పైపు) మీ తాగునీటి పొరలన్నిటి కిందికి దిగాలె, సిమెంటు నేల వరకు పైకి రావాలె. సిమెంట్ బాండ్ లాగ్ (సిమెంటు పైపుకు సరిగ్గా పట్టిందో లేదో చూపే కొలత) నకలు అడగండి. తర్వాత కేసింగుల మధ్య గేజీ చూడాలె: ఒత్తిడి వదిలేసినాక మళ్లీ ఎక్కుతుంటే ఎక్కడో లీకున్నట్టే. దగ్గర బోరులో నీళ్లు పాలలాగ తెల్లగా వచ్చి కింది నుంచి తేటబడితే కరిగిన గ్యాస్ కావచ్చు. మామూలు గాలి బుడగలైనా అట్లనే కనిపిస్తది, కాబట్టి పరీక్షే చేయించాలె. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు. బోరు మూతకు వెంట్ పైపు పెట్టి, పంపు గది తలుపులు తెరిచి ఉంచండి.

గ్యాస్ దొరకకపోతే బోరును సిమెంటు ప్లగ్గులతో ఎన్ని చోట్ల మూస్తరు, మడ్ గుంతలో ప్లాస్టిక్ షీటుతో సహా మిగిలినదంతా ఎవరు ఎత్తుకపోతరు, ఎన్ని రోజుల్లో అన్నది ఒప్పందంలోనే రాయించండి.