చెక్క విల్లు కొలతలు: 60 అంగుళాలు చాలదా?

పటమట_పిల్లోడు:
అందరికీ నమస్తే. వేట విల్లు మోడల్‌లో పొట్టిగా ఒకటి చేసుకుందామనుకుంటున్నాను. నా లాగుడు (నారిని వెనక్కి లాగే దూరం) 27 అంగుళాలు, లాగే బరువు 40 పౌండ్లు కావాలి. 60 అంగుళాల పొడవు సరిపోతుందా? వెడల్పు, మందం ఎంత పెట్టాలి? మన దగ్గర దొరికే కలపల్లో ఏది మంచిది? నారి ఏది వాడాలి? గోనెసంచుల టార్గెట్ మీద కొట్టడానికే, జంతువుల మీదకు కాదు.

గుంటూరు_చిత్రిక:
60 చాలదు తమ్ముడూ. పిడి, దానికి రెండు పక్కలా వచ్చే వాలు కలిపి 8 అంగుళాలు అసలు వంగవు. మిగిలిన 52 మీదే 27 అంగుళాల లాగుడు భారమంతా పడుతుంది. మొదటి విల్లుకి 66 కంటే తగ్గకు. వెడల్పు పిడి దగ్గర 2 అంగుళాలు, సగం బద్ద (పిడి నుంచి కొస దాకా వంగే భాగం) దాకా అదే ఉంచి, అక్కడి నుంచి కొసకు అర అంగుళానికి తగ్గించు.

మందం మాత్రం ముందే అంకె చెప్పేవాళ్ల మాట వినకు. వెడల్పు పదో వంతు పెంచితే బలమూ పదో వంతే పెరుగుతుంది. మందం అలా కాదు, ఘనంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల బద్దను పొడవునా 11కి గీస్తే 40 పౌండ్ల విల్లు 31కి పడిపోతుంది. అందుకే 15 దగ్గర మొదలుపెట్టి, ఆకురాయితో కొంచెం కొంచెంగా గీకి, చివర్లో గాజుపెంకుతో నున్నగా చెయ్యి.

అడవి_నేస్తం:
వేట విల్లు అని రాయడమే తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కుందేలును కొట్టినా కేసే. ఇలాంటి చర్చలు చూసే కుర్రాళ్లు కొండల్లోకి పోతున్నారు.

పటమట_పిల్లోడు:
అన్నా, గోనెసంచుల మీదకే అని రాశాను కదా.

మాచర్ల_కొండ:
నల్లమలలో చెంచుల విల్లు చూశారా ఎవరైనా? వెదురు. 2 అంగుళాల వెడల్పూ లేదు, 66 లెక్కా లేదు. పుస్తకాలు చదివి కొలతలు చెప్పేవాళ్లు ఒకసారి అక్కడి పెద్దల చేతిలో విల్లు పట్టుకుని చూడాలి.

గుంటూరు_చిత్రిక:
చూశాను మాచర్లా. ఆ విల్లు పిడి దగ్గర కూడా వంగుతుంది, పైగా చెవిదాకా లాగరు. పిడి గట్టిగా ఉండి 27 లాగాలంటే లెక్క వేరు. నేను చెప్పింది తమ్ముడి విల్లుకి.

తెనాలి_మాస్టారు:
మన పూర్వీకుల లెక్కలు ఎవరూ ఎత్తరే? అగ్నిపురాణం ప్రకారం నాలుగు మూరల విల్లు ఉత్తమం, మూడున్నర మధ్యమం, మూడు అధమం. నాలుగు మూరలంటే 72 అంగుళాలు. కౌటిల్యుడైతే అర్థశాస్త్రంలో విల్లుకి నాలుగు పదార్థాలు చెప్పాడు: తాటి, వెదురు, చెక్క, కొమ్ము. తాటి మొదట వస్తుంది గమనించండి. చుట్టూ తాటిచెట్లు పెట్టుకుని కలప ఏది అని అడగడం నాకు బాధగా ఉంది.

బాపట్ల_సరుగుడు:
మాస్టారూ, తాటితో విల్లా? పేడు లేచి చేతిలో దిగబడుతుంది. మా పాత పెంకుటిల్లు దూలం కోసినప్పుడు చూశాను, బయటి అంగుళం అంగుళంన్నర నల్లగా ఇనుములా ఉంది, లోపలంతా మెత్తటి పీచు.

తెనాలి_మాస్టారు:
ఆ బయటిదే చేవ. విల్లుకి కావాల్సింది అదే. లోపలిది తీసేస్తారు.

బాపట్ల_సరుగుడు:
తీసేస్తే మిగిలేది ఒంపు తిరిగిన పలక. దాన్ని చదును చేస్తే పైనున్న గట్టి నారలు తెగుతాయి. తెగిన చోటే విల్లు లేస్తుంది. సరుగుడు బాదు తీసుకోవడం నయం, తీరమంతా దొరుకుతుంది.

గుంటూరు_చిత్రిక:
చదును చెయ్యమని ఎవరన్నారు? వెదురులాగే తాటికీ సంవత్సరపు వలయాలుండవు, నారల కట్టలే. చెట్టు పైతొక్క వైపు విల్లు వీపుకి రావాలి, అంటే లక్ష్యం వైపుకి. లాగినప్పుడు సాగేది వీపు, నలిగేది కడుపు. వీపు మీద ఒక్క నార కూడా తెగకూడదు. గీసేదంతా కడుపు వైపే. సరుగుడు సంగతీ నాకు తెలుసు. బరువైన కలపే, కానీ ఆరేటప్పుడు చీలుతుంది. కొసలకు రంగు పూసి నీడలో ఆరబెట్టకపోతే వంటచెరుకే.

బాపట్ల_సరుగుడు:
వంటచెరుకా? మా నాన్న సరుగుడు తోటతోనే మమ్మల్ని చదివించాడు. మాట చూసుకుని రాయండి.

గుంటూరు_చిత్రిక:
తోటను అనలేదు తమ్ముడూ. చీలిన బాదు గురించి అన్నాను.

కాంపౌండ్_వీరుడు:
ఏంటండీ ఈ గోల. నేను రాష్ట్ర స్థాయిలో ఆడాను, 60 పౌండ్ల కాంపౌండ్ (కప్పీల విల్లు) వాడతాను. 40 పౌండ్లు పిల్లల ఆట. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది కాంపౌండ్‌తోనే. చెక్క పట్టుకుని టైమ్ వేస్ట్.

మాచర్ల_కొండ:
సురేఖ మనందరికీ గర్వమే. కానీ కాంపౌండ్‌లో పూర్తిగా లాగాక కప్పీలు భారం మోస్తాయి, చేతి మీద నాలుగో వంతో, మూడో వంతో ఉంటుంది. చెక్క విల్లుకి చివరి అంగుళంలోనే బరువంతా వచ్చి కూర్చుంటుంది. నువ్వు 40 పౌండ్ల చెక్క విల్లు లాగి గురి చూసి ఆపు, అప్పుడు మాట్లాడదాం.

కాంపౌండ్_వీరుడు:
అడ్రస్ చెప్పు, వచ్చి లాగి చూపిస్తా.

అడవి_నేస్తం:
మోడరేటర్ ఉన్నారా ఇక్కడ?

కృష్ణలంక_రేవు:
గొడవ ఆపండి. తేమ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం ఉంటే విల్లు చురుగ్గా ఉంటుంది. మన కృష్ణ ఒడ్డు గాలికి వర్షాకాలంలో అంతకు మించిపోతుంది. అప్పుడు లాగితే బద్ద వంగి అలాగే ఉండిపోతుంది, నారి తీసినా తిరిగి రాదు. గీకే పని మే నెల ఎండలప్పుడు పెట్టుకుంటే మంచిది. పని అయ్యాక వార్నిష్ తప్పనిసరి. ఇంకోటి, వెదురు కొనేటప్పుడు కణుపుల దగ్గర సన్నని పొడి రాలుతుందేమో చూడండి. రాలితే లోపల పురుగున్నట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

పటమట_పిల్లోడు:
థాంక్స్ అన్నా. బరువు దేనితో చూడాలి? నారి గురించి ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక_రేవు:
లగేజీ తూచే హుక్ కాటా చాలు. 40 పౌండ్లంటే 18 కిలోలు. గీకేటప్పుడు కాటా 18 చూపించగానే ఆపు, లాగుడు 20 అంగుళాల దగ్గరున్నా సరే, అక్కడి నుంచి మళ్లీ గీకుతూ ముందుకు వెళ్లు. నారికి డాక్రాన్ (పాలిస్టర్ దారం) తీసుకో. సాగని కొత్తరకం దారాలు చెక్క కొసలను కోసేస్తాయి. నారి కట్టాక పిడికీ నారికీ మధ్య పిడికిలి పెట్టి బొటనవేలు పైకి ఎత్తితే తగలాలి, ఆ దూరం సరిపోతుంది.

తెనాలి_మాస్టారు:
ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసిన ఊరిలో డాక్రాన్ దారమా? జనపనార పేని, మైనం పట్టించి కట్టుకో నాయనా.

బాపట్ల_సరుగుడు:
వర్షంలో జనపనార నీళ్లు పీలుస్తుంది మాస్టారూ. తడిస్తే నారి దూరమే మారిపోతుంది.

తెనాలి_మాస్టారు:
మైనం దేనికి పట్టిస్తారు మరి?

పటమట_పిల్లోడు:
సరే, తేల్చుకున్నాను. వెదురు వీపు, తాటి చేవ కడుపు, రెండూ అతికిస్తాను. పొడవు 66, పిడి దగ్గర 2 అంగుళాలు, మందం 15 నుంచి మొదలు. మా పెదనాన్న వాళ్ల పాత ఇంటి తాటి వాసాలు పెదపులిపాకలో ఉన్నాయి, అడుగుతాను.

గుంటూరు_చిత్రిక:
70కి కోసుకో తమ్ముడూ. కొసలు తగ్గించడం ఎప్పుడైనా చేయొచ్చు. అతికించేది తాటి చేవ కాబట్టి ఆ ముఖాన్ని ముందు గరుకు కాగితంతో రుద్ది తుడువు, ఎపాక్సీ జిగురు వాడు. మామూలు ఫెవికాల్‌తో అతికిస్తానంటే మాత్రం ఇప్పుడే చెప్పు.

పటమట_పిల్లోడు:
ఫెవికాలే కొన్నాను అన్నా, డబ్బా తియ్యలేదు. మార్చుకుని వస్తాను.