ఒకే తలుపుకు గడియా గొళ్ళెమూ: క్యాన్సర్ మందుల్లో ఈ జోడీ దండగా?

సిరిపురం:
మా విభాగంలో నిన్న తెగని వాదన ఇది. కణ విభజనకు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో అల్లిన సూక్ష్మనాళికలు కావాలి. అవి ఎప్పటికప్పుడు పెరుగుతూ, విడిపోతూ ఉండాలి. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు వాటిని విడిపోనివ్వకుండా బిగించేస్తుందని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం చూపింది. ఆ మందు చేరేది బీటా ట్యూబ్యులిన్ మీద, నాళిక లోపలి గోడవైపు. సముద్రపు స్పాంజిల్లో దొరికిన లాలిమలైడ్, పెలొరుసైడ్ కూడా నాళికను బిగించేవే కానీ, బయటి వైపు అంటుకుంటాయి. లోపల గడియ, బయట గొళ్ళెం అన్నమాట. రెండూ కలిపితే తక్కువ మోతాదుతోనే పని జరుగుతుందని నా వాదన.

పరవాడ రసాయనం:
తలుపు ఒకటే కదా మాస్టారు! గడియ పడ్డాక గొళ్ళెం దేనికి? మందులు కలిపేది వాటి పనులు వేరు కాబట్టి. అండాశయ క్యాన్సర్‌లో పాక్లిటాక్సెల్ పక్కన కార్బోప్లాటిన్ ఇస్తారు, అది దెబ్బ తీసేది డీఎన్ఏను. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్‌కు కూడా పిల్లల లుకేమియాలో వేరే తరహా మందులు తోడు కావలసి వచ్చింది.

సిరిపురం:
గడియ పూర్తిగా పడదండీ, అదే చిక్కు. మోతాదు తగ్గిస్తే నాళిక మీద కొన్ని చోట్లే నిండుతాయి. శుద్ధి చేసిన ట్యూబ్యులిన్‌లో రెండు రకాలూ కలిపినప్పుడు వచ్చిన బిగింపు విడివిడి ఫలితాల కూడిక కన్నా ఎక్కువ. పెలొరుసైడ్, పాక్లిటాక్సెల్ జోడీ గురించి 2007లో వచ్చిన పరిశోధనలో, ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల్లోనూ ఇదే కనిపించింది. పైగా మొండి క్యాన్సర్ కణాలు పాక్లిటాక్సెల్‌ను పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపుతో బయటకు తోడేస్తాయి. స్పాంజి మందులు ఆ పంపుకు అంతగా చిక్కవు.

కంబాలకొండ:
పంపు మాట సరే. చోట్లు వేరు కాబట్టే కలిసివస్తాయన్నది మాత్రం ఒప్పుకోను. డిస్కోడెర్మోలైడ్ అనే మరో బిగింపు మందుదీ పాక్లిటాక్సెల్‌దీ ఒకే చోటు. లెక్క ప్రకారం కొట్లాడుకోవాలి. అయినా 2000లో క్యాన్సర్ కణాల మీద ఆ జోడీ కూడిక కన్నా ఎక్కువే చేసింది! అంటే చోటు కాకుండా ఇంకేదో ఉంది. అది తేలకుండా గడియ, గొళ్ళెం పోలిక వినసొంపు మాత్రమే. (అదే డిస్కోడెర్మోలైడ్ మనుషుల దాకా వెళ్ళి, ఊపిరితిత్తుల మీద ప్రభావం చూపి, అక్కడే ఆగిపోయింది. ఎంత ఆశపడ్డామో!)

యారాడ:
నేను శాస్త్రవేత్తను కాను. మా అమ్మకు పాక్లిటాక్సెల్ ఇచ్చిన రోజుల్లో కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే వేళ్ళకు చీర తగిలినట్టే తెలిసేది కాదు. అరికాళ్ళలో తిమ్మిరి. చెప్పులు ఎక్కడ జారిపోయాయో వెనక్కి తిరిగి చూసుకునేది. నరాల కణాలు విభజన చెందవు కదా, మరి వాటికెందుకు ఈ దెబ్బ? మీ రెండో మందు వస్తే ఈ బాధ తగ్గుతుందా, రెట్టింపవుతుందా?

పరవాడ రసాయనం:
అమ్మా, అడగవలసింది అదే. నడుము నుంచి పాదం దాకా సాగే నరపు తంతువు సుమారు మీటరు పొడవు. దానికి కావలసిన సరుకంతా ఈ నాళికల మీదుగానే పోతుంది. విభజన లేకపోయినా నాళికలు కావాలి. అందుకే అన్నాను: గడియ, గొళ్ళెం రెండూ క్యాన్సర్ తలుపుకే పడతాయా, నరాల తలుపుకూ పడతాయా? ఎలుకల్లో లాలిమలైడ్ ఒక్కదాన్నే ఇచ్చిన ఒక పరీక్షలో కణితి పెద్దగా తగ్గలేదు, విషప్రభావం మాత్రం తీవ్రం.

సిరిపురం:
దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. కానీ అది ఒంటరి లాలిమలైడ్, మోతాదూ ఎక్కువ. నేనంటున్నది తక్కువ మోతాదుల జోడీ.

కంబాలకొండ:
అయితే క్యాన్సర్ కణాల గిన్నె పక్కనే నరాల కణాల గిన్నె కూడా పెట్టండి. అవే మోతాదులు, అదే జోడీ. మొదటి గిన్నెలో కూడిక కన్నా ఎక్కువ, రెండో గిన్నెలో కూడిక కన్నా తక్కువ వస్తే మీ పక్షాన నేనే వాదిస్తాను. రెండింటిలోనూ ఒకేలా పెరిగితే మీరు తగ్గించింది మోతాదు అంకె మాత్రమే, తిమ్మిరి కాదు.

సిరిపురం:
రెండో గిన్నె మా ప్రణాళికలో లేదు. సోమవారం మా గైడు గారిని అడుగుతాను. యారాడ గారూ, అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

యారాడ:
బాగుంది. చెప్పులకు వెనక పట్టీ కుట్టించాను.