రిలీజ్‌కు తేదీ పెట్టుకోవాలా, పని పూర్తయ్యాకే వదలాలా?

రాత్రిబండి
మేం ఇద్దరం కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్) నడుపుతున్నాం. పీడీఎఫ్ బిల్లుల్లో తెలుగు, కన్నడ ఒత్తులు, గుణింతాలు చెదిరిపోకుండా చూడటమే దాని పని. చివరి రిలీజ్ అయి 14 నెలలైంది. ఈలోగా మెర్జ్ అయిన (అసలు కోడ్‌లో కలిసిన) మార్పులు నలభై దాటాయి. "ఈ ఒక్కటీ అయ్యాక వదులుదాం" అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. ఇక మూడు నెలలకోసారి తేదీ చెప్పి మరీ వదులుదామని నా తోటి మెయింటైనర్ పట్టుబడుతున్నాడు. నాకేమో టెన్షన్. జీతం లేని పని, పగలు ఉద్యోగాలు. చెప్పిన రోజుకు చేయలేకపోతే మాట పోతుంది. మీరేమంటారు?

ప్యాకేజీ_పిచ్చి
మీవాడిదే కరెక్టండి. లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సంగతి చూడండి. ఒకప్పుడు సరి అంకె వెర్షన్లు అందరి వాడకానికి, బేసి అంకెవి ప్రయోగాలకు అని నడిపేవారు. 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబరులో. మధ్యలో దాదాపు మూడేళ్లు! డిస్ట్రోల వాళ్లు (కెర్నల్‌కు మిగతా సాఫ్ట్‌వేర్ కలిపి జనానికి అందించేవాళ్లు) అంతకాలం ఆగలేక కొత్త సరుకును తామే తెచ్చి పాత 2.4కు అతికించుకున్నారు. ఇప్పుడు రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త మార్పులు తీసుకునే గడువు), తర్వాత వారానికో ఆర్‌సీ (పరీక్షకు ఇచ్చే ముందస్తు వెర్షన్), ఏడో ఎనిమిదో ఆర్‌సీ అయ్యాక రిలీజ్. ఇదంతా 9, 10 వారాల్లో అయిపోతుంది. అందుకోలేనివాళ్లు తర్వాతి దాంట్లో ఎక్కుతారు.

మన ఆర్టీసీ బస్సే గుర్తు తెచ్చుకోండి. అరగంటకొకటి ఉన్న రూట్లో జనం నిదానంగా ఎక్కుతారు. రోజుకొక్కటే అయితే బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫులు పడతాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే రిలీజ్ ముందు రోజు వచ్చే పుల్ రిక్వెస్టులు (నా మార్పు కలపండి అనే వినతులు) ఆ కర్చీఫులే.

పాత_డెబియన్
బస్సు బాగుంది, కానీ కెర్నల్‌కు డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ ఉన్నారు. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి ఏదో ఒక కంపెనీ జీతం ఇస్తోంది. రాత్రిబండి గారికి ఎవరిస్తున్నారు?

వలంటీర్లతో పోల్చాలంటే డెబియన్ అనే డిస్ట్రో ఉంది. వుడీ అనే వెర్షన్ 2002 జూలైలో, దాని తర్వాతి సార్జ్ 2005 జూన్‌లో వచ్చాయి. ఆ మూడేళ్లూ మమ్మల్ని చూసి నవ్వనివాడు లేడు. ఇప్పుడు సుమారు రెండేళ్లకోసారి వస్తోంది: వెర్షన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. అలాగని రెండేళ్ల ముందే రిలీజ్ తేదీ చెప్పరు. ముందే చెప్పేది ఫ్రీజ్ ఎప్పుడన్నది. అప్పటినుంచి కొత్తవి రానివ్వరు, రిలీజ్‌ను ఆపే బగ్గులు తగ్గాక తేదీ ఖాయం చేస్తారు. మీరూ తలుపు ఎప్పుడు మూస్తారో చెప్పండి చాలు, బండి ఎప్పుడు కదులుతుందో తర్వాత.

వరంగల్_బ్యాకెండ్
వాడేవాళ్ల తరఫున నాదో మాట. పాత ఆఫీసులో ఇలాగే రిలీజ్ లేని లైబ్రరీ ఒకటి తగిలింది. మాకు కావలసిన ఫిక్స్ మెర్జ్ అయ్యే ఉంది, వెర్షన్ లేదు. విసిగిపోయి వెర్షన్ బదులు నేరుగా ఒక గిట్ కమిట్‌కు (కోడ్ చరిత్రలో ఒక మార్పుకు) పిన్ చేసేశాం. రెండేళ్ల తర్వాత దాన్ని విప్పడానికి ముగ్గురం వారం కూర్చున్నాం. కాబట్టి నేను తేదీ వైపే.

తేదీ నిలబెట్టుకోవడమంటే చేతిలో ఉన్నదంతా కుక్కడం కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 15వ వెర్షన్ సంగతి చూడండి. ఎస్‌క్యూఎల్/జేసన్ ఫీచర్లు (జేసన్ రూపంలోని డేటాతో పని చేసే సదుపాయాలు) బీటా, అంటే పరీక్ష వెర్షన్, వరకూ వచ్చేశాయి. ఎన్నాళ్లుగానో పడ్డ శ్రమ. అయినా కుదురుకోలేదని విడుదలకు కొద్ది వారాల ముందు తీసేసి, 2022 అక్టోబరులో మిగతాది వదిలారు. తీసేసినవి తర్వాతి వెర్షన్లలో విడతలుగా వచ్చాయి. తేదీ ఉంటే "ఈసారికి కాదు" అనడం తేలిక. లేకపోతే అది మీకూ ఆ కోడ్ రాసినవాడికీ మధ్య గొడవ అవుతుంది.

గట్టుమీద_టెస్టర్
తెలుగు అక్షరాలంటే గుర్తొచ్చింది. 2018లో "జ్ఞా" తో మొదలయ్యే ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.3 దాకా ఆగకుండా, దాన్ని సరిచేసిన 11.2.6ను ఫిబ్రవరిలోనే వదిలారు. తేదీల క్యాలెండర్ ఎంత పెద్దదైనా మన జ్ఞానం ముందు ఆగలేదు 😄

పాత_డెబియన్
అది ఓపెన్ సోర్స్ కాదు కదా బ్రో. అయినా విషయం నిజమే. లాగ్‌ఫోర్‌జే అనే, వలంటీర్లు నడిపే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడ్డ 2021 డిసెంబరు ఒక్క నెలలోనే 2.15, 2.16, 2.17.0, 2.17.1 వచ్చాయి. అన్నీ ఆ వలంటీర్ల రాత్రుల మీదే. సెక్యూరిటీ ఫిక్స్‌కు ఎలాగూ తేదీ ఉండదు.

నాకు ఇంకో భయం ఉంది. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లు కుదించే లైబ్రరీని చాలా ఏళ్లు దాదాపు ఒక్కడే చూసుకునేవాడు. పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి అప్పగించమని 2022లో కొందరు పదేపదే ఒత్తిడి పెట్టారు. సాయం చేస్తానంటూ చేరినవాడికి చివరికి రిలీజ్ చేసే అధికారమూ వెళ్లింది. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి). దాన్ని పని చేయించే ముక్క గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లోనే (వాడేవాళ్లకు పంపే ఫైళ్ల మూటలోనే) ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంలోని సర్వర్‌లోకి వెళ్లడం) అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి మార్చి 29న బయటపడింది. "రిలీజ్ ఎప్పుడు?" అని మెయింటైనర్ పీక మీద కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పేజీలో) తేదీ రాయడమంటే అలాంటివాళ్ల చేతికి కర్ర ఇవ్వడమే.

ప్యాకేజీ_పిచ్చి
ఒత్తిడి సంగతి ఒప్పుకుంటాను. కానీ తేదీ లేని ప్రాజెక్టు మీదే ఆ ఒత్తిడి వచ్చిందని మర్చిపోకండి. పైగా చేత్తో కట్టిన టార్‌బాల్ కాబట్టే దాంట్లో దూర్చగలిగారు. కోడ్‌కు వెర్షన్ ట్యాగ్ పెట్టగానే సర్వరే కట్టి, టెస్ట్ చేసి, పైకి పంపాలి. రాత్రిబండి గారూ, ఒకటి చెప్పండి: మీకు ఒక రిలీజ్‌కు ఎంతసేపు పడుతుంది?

రాత్రిబండి
చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక శనివారం మొత్తం. విండోస్ టెస్టుకు మా బావమరిది లాప్‌టాప్ అడగాలి. చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) పాత కమిట్‌లు చదువుకుంటూ చేత్తో రాయాలి. పైపీఐ (పైథాన్ లైబ్రరీలు పెట్టే సైట్) ఓటీపీ తోటివాడి ఫోన్‌లో ఉంటుంది, ఏ పని తర్వాత ఏదో నా బుర్రలో ఉంటుంది. మీరు అడిగాకే అర్థమైంది, నేను తప్పించుకుంటున్నది తేదీని కాదు, ఆ శనివారాన్ని.

ఈ వారం ఆ వరుస కాగితం మీద పెట్టి, విండోస్ టెస్టు సర్వర్ మీదకు మారుస్తాం. నలభైలో ఫాంట్ కొలతలు మార్చేవి ఆరున్నాయి. అవి పాత బిల్లుల లేఅవుట్ చెడగొడతాయి, పక్కన పెడతాం. మిగతావి నెలాఖరుకు ఫ్రీజ్. రిలీజ్ తేదీ రీడ్‌మీలో రాయాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. ఈ చర్చ చదివి తోటివాడు ఇందాకే రాసేశాడు. నేను రివర్ట్ చేశాను, అంటే వెనక్కి తీసేశాను.

వరంగల్_బ్యాకెండ్
రివర్ట్‌కు రివ్యూ ఎవరు ఇచ్చారండీ?