తేలికపాటి బీరులో నూకలు కలపడం కల్తీయా? కెలోరీలు తగ్గించేది నూకలా, ఎంజైమా?

మిర్యాలగూడ వాసి, ప్రస్తుతం టెక్సస్

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. ఉద్యోగరీత్యా టెక్సస్‌లో ఉంటున్నాను. 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం ఇక్కడ ఒక్క వయోజనుడే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది వయోజనులు ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు, అమ్మకుండా సొంతానికి బీరు తయారు చేసుకోవచ్చు. ఎండాకాలం సాయంత్రం తాగడానికి నాలుకకు బరువు అనిపించని, తాగగానే గొంతు పొడిగా శుభ్రమయ్యే తేలిక బీరు నాకు కావాలి. పొట్ట కూడా తగ్గించుకోవాలి.

పోయిన నెల 20 లీటర్లకు 2.3 కిలోల పిల్స్నర్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీ), 900 గ్రాముల బియ్యం తీసుకున్నాను. బియ్యాన్ని రవ్వలా పట్టి, మాల్ట్‌తో పాటే 64 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాను. చక్కెర వల్ల నీళ్ల సాంద్రత ఎంత పెరిగిందో చూపే హైడ్రోమీటరు మీద 1.036 రావాలని లెక్క వేసుకుంటే 1.028 దగ్గరే ఆగింది. బీరు మబ్బుగా వచ్చింది, అడుగున పిండి పేరుకుంది. ఇక్కడి స్నేహితుడు ఒకాయన పిండిని చక్కెరగా విరిచే గ్లూకోఅమైలేజ్ ఎంజైము వేస్తే కెలోరీలు సగానికి పడిపోతాయని అంటున్నారు. మరొకాయన, బియ్యం వేయడమే కల్తీ అనీ, కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి కనిపెట్టిన ఉపాయమనీ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

పాలమూరు జొన్న

కల్తీ అన్న ఆ రెండో మనిషి మాటే సరైనదని నా అభిప్రాయం. 1516లో బవేరియాలో పెట్టిన నియమం బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పూలు), నీళ్లు తప్ప మరొకటి వేయకూడదని చెప్పింది, ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా జర్మనీ వాళ్లు దాన్ని గౌరవంగానే తలుచుకుంటారు. బియ్యం వేస్తే రంగు పోతుంది, రుచి పోతుంది, చివరికి గ్యాసు నీళ్లు మిగులుతాయి. తేలిక బీరు కావాలంటే మాల్ట్ తక్కువ వేసి నీళ్లు ఎక్కువ పోసుకోవచ్చు కదా అన్నా. లేదు, బార్లీ కాని ధాన్యం వేయాల్సిందే అంటే మన తెల్లజొన్న ఉండగా నూకల వెంట ఎందుకు పడాలి? 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించినప్పుడు నైజీరియా బ్రూవరీలు ప్రధానంగా జొన్న మీదనే నడిచాయి.

వేములపల్లి మిల్లు

మేము రెండు తరాలుగా బియ్యం వ్యాపారంలో ఉన్నాము. బీరు గురించి నాకు తెలియదు గానీ బియ్యం గురించి ఒక మాట చెప్పగలను. తమ్ముడు రవ్వ పట్టి మరగని నీళ్లలో వేశానంటున్నాడు. 64 డిగ్రీల నీళ్లలో గంట కాదు, రెండు గంటలు ఉంచినా బియ్యం అన్నం కాదు, నానుతుంది అంతే. ఉడకని బియ్యంలోని పిండి ఎవరికీ అందదు, మనిషికైనా, మీ మాల్ట్‌కైనా. ముందు గంజిలా ఉడికించాలి.

రెండోది, తవుడు బాగా తీసిన కొత్త నూకలే వాడాలి. తవుడు అంటుకొని ఉన్న నూకలు నెల రోజుల్లో ముక్కవాసన పడతాయి, ఎందుకంటే నూనె చాలావరకు తవుడులోనే ఉంటుంది. ఇక్కడ రేషను బియ్యంలో ఇనుము, విటమిన్లు కలిపిన గింజలు వందకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. అమెరికా దుకాణాల్లోనూ పోషకాలు పూసిన బియ్యం అమ్ముతారని మా మేనల్లుడు చెప్పాడు. సంచి మీద చూసి కొనమని మనవి.

రసాయనం పంతులమ్మ, నల్లగొండ

డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పడానికి ముందు నాలుగేళ్లు ఒక బ్రూవరీ ప్రయోగశాలలో పని చేశాను. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమయ్యాయి. తేలికదనం అనే మాటతో మనం నాలుకకు తెలిసే పొడితనాన్నీ చెబుతాము, ఒంటికి చేరే కెలోరీలనూ చెబుతాము. ఒకదాన్ని సాధిస్తే రెండోది దానంతట అదే రాదు.

మొదట కెలోరీల సంగతి చూద్దాం. బీరులో కెలోరీలు ప్రధానంగా రెండు చోట్ల ఉంటాయి. గ్రాముకు సుమారు 7 చొప్పున ఆల్కహాలులో, గ్రాముకు 4 చొప్పున, బీరును పులియబెట్టే ఈస్ట్ తినలేక వదిలేసిన పిండి పదార్థాల్లో. ఆల్కహాలు ఎక్కడి నుంచి వచ్చింది? అదే చక్కెర నుంచి. ఒక గ్రాము చక్కెరను ఈస్ట్ తింటే దాదాపు అర గ్రాము ఆల్కహాలు వస్తుంది, అంటే 4 కెలోరీలు మూడున్నర అయ్యాయి, పోయింది అర కెలోరీ మాత్రమే. కాబట్టి బీరు కెలోరీలను ప్రధానంగా నిర్ణయించేది పులియక ముందు వోర్ట్‌లో, అంటే మాల్ట్ నుంచి దిగిన తీపి నీళ్లలో, ఎంత చక్కెర ఉందన్నది, అంటే హైడ్రోమీటరు మీద వచ్చే మొదటి రీడింగు. నూకలైనా, ఎంజైమైనా, జొన్నైనా దాని తర్వాతే.

330 మిల్లీలీటర్ల సీసాకు లెక్క చెబుతాను. 1.048 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగిన మామూలు బీరులో సుమారు 148 కెలోరీలు ఉంటాయి. 1.036 నుంచి 1.007కు దిగిన తేలిక బీరులో సుమారు 110. అదే 1.036 వోర్ట్‌లో ఎంజైము వేస్తే అది 0.999 దాకా దిగుతుంది, కెలోరీలు 107 దగ్గర ఉంటాయి. అంత శ్రమకు తగ్గినవి మూడు కెలోరీలు, పైగా ఆల్కహాలు 3.8 శాతం నుంచి దాదాపు 4.9 శాతానికి పెరిగింది. సగానికి పడిపోతాయన్న మాట నిజం కాదు. పిండి పదార్థాలు మాత్రం 10 గ్రాముల నుంచి 5 గ్రాముల లోపుకు వస్తాయి, బహుశా మీ స్నేహితుడు విన్నది ఆ సంగతే అయి ఉండవచ్చు.

అయితే ఈ ఎంజైము పద్ధతిని కనిపెట్టినవారు తెలివితక్కువ వారేమీ కాదు. 1967లో న్యూయార్క్‌లోని రైన్‌గోల్డ్ బ్రూవరీలో జోసెఫ్ ఓవేడ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఈ పద్ధతిలోనే గాబ్లింగర్స్ డైట్ బీరును తీసుకువచ్చారు. దానిని జనం ఆదరించలేదు. 1975లో దేశమంతటా అమ్మకానికి వచ్చిన మిల్లర్ లైట్‌తోనే ఈ రకం నిలబడింది. ఎంజైము వేస్తే తక్కువ చక్కెరతోనే సరిపడా ఆల్కహాలు వస్తుంది కాబట్టి వోర్ట్‌ను ఇంకా పలచగా మొదలుపెట్టవచ్చు. 1.030 నుంచి 0.998కి దిగిన బీరులో 4.2 శాతం ఆల్కహాలు, సుమారు 89 కెలోరీలు ఉంటాయి. తగ్గించింది 1.030 అన్న అంకె, ఎంజైము దానికి తోడ్పడింది.

ఇక నూకలు. ఇక్కడ పాలమూరు వారితో నేను గట్టిగా విభేదిస్తాను. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాకు వెళ్లిన జర్మన్ బ్రూవర్లకు అక్కడి ఆరు వరుసల బార్లీలో మాంసకృత్తులు ఎక్కువగా ఉండి బీరు మబ్బుగా, బరువుగా వచ్చేది. బియ్యం, మొక్కజొన్న కలిపి ఆ మాంసకృత్తులను పలుచన చేయడం వారి వృత్తి నైపుణ్యంలో భాగం. 1876లో వచ్చిన బడ్వైజర్‌లో బియ్యం మొదటి నుంచీ ఉంది, దానిని ఎవరూ దాచలేదు. చెప్పకుండా కలిపితే కల్తీ, చెప్పి కలిపితే అది ఒక రకం. ఈనాటి బీరు పోటీలకు ఆధారమైన బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) మార్గదర్శకాలు కూడా చల్లగా పులియబెట్టే లాగర్ రకాల్లో ఒకటైన అమెరికన్ లైట్ లాగర్‌లో 40 శాతం వరకు బియ్యం లేదా మొక్కజొన్న ఉండవచ్చని, మొదటి రీడింగు 1.028 నుంచి 1.040 మధ్య ఉంటుందని చెబుతాయి. మాల్ట్ ఒక్కటే తక్కువ వేసి నీళ్లు పోస్తే మాల్ట్ రుచి పలచబడినట్టు తెలుస్తుంది, నీళ్ల చారు తాగినట్టు ఉంటుంది. బియ్యం తనదంటూ రుచి తీసుకురాదు కాబట్టి ఆ లోటు కనిపించకుండా శుభ్రమైన పొడితనం వస్తుంది. నూకల ప్రయోజనం అది, కెలోరీలు తగ్గించడం కాదు.

మిల్లు అన్న చెప్పింది అక్షరాలా నిజం. బియ్యపు పిండి రకాన్ని బట్టి దాదాపు 70 నుంచి 80 డిగ్రీల మధ్య జిగురుగా మారుతుంది, పిండిని చక్కెరగా విరిచే మాల్ట్‌లోని ఎంజైము బీటా అమైలేజ్ మాత్రం 65 దాటితే త్వరగా చచ్చిపోతుంది. రెండూ ఒకే గిన్నెలో ఒకే వేడి మీద కుదరవు. నూకలను గుప్పెడు మాల్ట్‌తో కలిపి, 70 దగ్గర కాసేపు ఉంచి, తర్వాత జొన్న గటక ఉడికించినట్టు అడుగు అంటకుండా తిప్పుతూ అరగంట ఉడికించండి. తర్వాత దానిని అసలు మాష్‌లో, అంటే వేడి నీళ్లలో నానుతున్న మిగతా మాల్ట్‌లో, కలిపి 63 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచండి. ఆ వేడి మీద, అంతసేపు ఉంచితే ఎంజైము సీసా కొనకుండానే 1.006 దాకా దిగే అవకాశం ఉంది.

ఇనుము గురించి అన్న ఇచ్చిన హెచ్చరిక చాలా విలువైనది. ఇనుము బీరును త్వరగా పాతబడేలా చేస్తుంది, నాలుక మీద తుప్పు రుచి తెస్తుంది. తవుడు నూనె నురుగును చంపుతుంది.

దేవరకొండ నుంచి

మేడమ్, రెండు సందేహాలు. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, తక్కువ గ్లైసీమిక్ ఇండెక్స్ ఉన్న, అంటే తిన్నాక రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే బియ్యం కదా, దాని నూకలు వేస్తే షుగరు ఉన్నవారికి కూడా బీరు పనికొస్తుందా? అలాగే, ఇదంతా దేవరకొండలో మా ఇంట్లో చేసుకోవచ్చా?

రసాయనం పంతులమ్మ, నల్లగొండ

రెండింటికీ జవాబు కాదనే. అన్నంగా తిన్నప్పుడు ఆ బియ్యపు పిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బీరులో ఆ పిండిని మాల్ట్ ముందే చక్కెరగా విరిచేస్తుంది, ఈస్ట్ ఆ చక్కెరను తింటుంది. సోనా గుణం సీసా దాకా రాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఆల్కహాలు వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది, వారు తేలిక బీరే కదా అని సాహసం చేయకుండా డాక్టరును అడగాలి.

చట్టం మాట. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం, అది ఇంటి కోసమైనా సరే. ఇక్కడ చర్చిస్తున్నది తమ్ముడు టెక్సస్‌లో చేసుకుంటున్న దాని గురించి. దేవరకొండలో చేయకండి.

పాలమూరు జొన్న

మేడమ్, కల్తీ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, చెప్పి కలిపేదానికి ఆ పేరు తగదని ఒప్పుకుంటాను. కానీ జొన్నను మీరు ప్రస్తావించకుండానే దాటేశారు. మా ఊళ్లో మొలకెత్తించిన జొన్నలతో కమ్మటి అంబలి చేస్తారు. మొలక కట్టిన జొన్న కూడా మాల్టే కదా? అది వేసి ఎంజైము వేయకుండా తేలిక బీరు ఎందుకు రాదు?

రసాయనం పంతులమ్మ, నల్లగొండ

మీరు అడిగింది న్యాయం, దాటేయడం నా పొరపాటు. జొన్న మాల్ట్‌లో బీటా అమైలేజ్ చాలా తక్కువ. బీరును పొడిగా చేసేది ప్రధానంగా అదే. అందువల్ల జొన్న మాల్ట్ ఒక్కదానితో చేస్తే ఈస్ట్ తినలేని పదార్థాలు ఎక్కువగా మిగిలి నాలుకకు బరువు తగులుతుంది, తమ్ముడు కోరుతున్న దానికి అది సరిగ్గా వ్యతిరేకం. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. జొన్న మొలకల్లో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది, దాని నుంచి సయనైడ్ విడుదలవుతుంది. మాల్ట్ చేసేటప్పుడు వేర్లనూ మొలకలనూ ఎండబెట్టి, నలిపి, పూర్తిగా తీసివేయాలి. మొలకెత్తించని తెల్లజొన్న రవ్వను నూకల బదులు ఉడికించి, బార్లీ మాల్ట్‌తో కలిపితే మాత్రం నాకు ఏ అభ్యంతరమూ లేదు, వాసన కొద్దిగా వేరుగా ఉన్నా అది మంచి బీరే అవుతుంది.

ఎంజైము విషయంలో నాకున్న అసలు భయం వేరే. దానిని మాష్‌లో వేస్తే తర్వాత వోర్ట్‌ను మరిగించినప్పుడు చచ్చిపోతుంది, అక్కడితో అయిపోతుంది. పులిసే డబ్బాలో వేస్తే అది బతికే ఉంటుంది. పులియడం అయిపోయిందని తొందరపడి సీసాల్లో నింపితే లోపల ఇంకా చక్కెర విరుగుతూ, ఈస్ట్ తింటూ, గ్యాసు పెరిగి సీసా పగులుతుంది. నేను ప్రయోగశాలలో పని చేసే రోజుల్లో ఒక సహోద్యోగి చేతికి గాజు గుచ్చుకొని కుట్లు పడ్డాయి. వేయదలిస్తే మాష్‌లోనే వేయండి తమ్ముడూ.

నీళ్ల గురించి నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు బైకార్బొనేట్లు ఎక్కువ, కాల్షియం తక్కువ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. అలాంటి క్షార గుణమున్న నీళ్లలో మాష్ చేస్తే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి, మాల్ట్ పొట్టులోని వగరు దిగుతుంది. నల్ల బీరులో అది దాగుతుంది, తేలిక బీరులో దాగదు. టెక్సస్‌లో చాలా చోట్ల సున్నపురాయి నేల మీది కఠిన జలమే కాబట్టి మీకూ అదే చిక్కు. ఆర్ఓ నీళ్లు తీసుకొని 20 లీటర్లకు సుమారు 4 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపండి, మాష్ పీహెచ్ 5.2, 5.4 మధ్య ఉండేలా చూసుకోండి. లాగర్ ఈస్ట్ అయితే 10 నుంచి 12 డిగ్రీల ఫ్రిజ్ తప్పనిసరి. వేడిలో పులిసిన తప్పును కప్పిపెట్టే రుచి ఏదీ ఈ బీరులో ఉండదు.

మిర్యాలగూడ వాసి, ప్రస్తుతం టెక్సస్

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. నేను మొదట వాడిన బియ్యం సంచి మీద ఇనుము కలిపినట్టు స్పష్టంగా రాసి ఉంది, మిల్లు అన్నకు కృతజ్ఞతలు. ఈసారి ఏమీ పూయని బియ్యం తెచ్చి, రవ్వ పట్టి, అరగంట ఉడికించి, మేడమ్ చెప్పినట్టే 63 దగ్గర గంటన్నర ఉంచాను. ఆర్ఓ నీళ్లు, 11 డిగ్రీలు, ఎంజైము లేదు. కావాలనే ధాన్యం తగ్గించి 1.032 దగ్గర మొదలుపెడితే 1.005 దగ్గర ఆగింది. ఆల్కహాలు మూడున్నర శాతం, మేడమ్ లెక్క ప్రకారం సీసాకు సుమారు 97 కెలోరీలు. గాజు గ్లాసులో పోస్తే అవతలి అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంది, గొంతు దిగగానే పొడిగా ఆగిపోతుంది. నురుగు మాత్రం అర నిమిషం కూడా నిలవడం లేదు.

పాలమూరు అన్నా, తెల్లజొన్న రవ్వ రెండు కిలోలు ఇక్కడి భారతీయ దుకాణంలో దొరికింది. వచ్చే శనివారం అదే మాల్ట్, అదే ఈస్ట్, అదే నీళ్లతో పది లీటర్లు నూకలతో, పది లీటర్లు జొన్నతో పెడుతున్నాను.

పాలమూరు జొన్న

రెండింటి రీడింగులూ రాయండి. నురుగు ఎంతసేపు నిలిచిందో కూడా గడియారం పెట్టి చూడండి.