కనుపర్తిపాడు, చెముడుగుంట, కాకుటూరు వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి

మూలాపేట అబ్బాయి
అందరికీ నమస్కారం. నాది చెన్నైలో ఉద్యోగం. అమ్మానాన్న నెల్లూరు మూలాపేటలో ముప్పై ఏళ్లుగా అద్దె ఇంట్లోనే ఉన్నారు. నాన్నకి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుకి నేను కొంత కలిపి, వాళ్లకి సొంతిల్లు కట్టించాలని నా కోరిక. టౌన్లో అంకణం రేటు మాకు అందదు. అందుకని హైవే మీద దక్షిణంగా కనుపర్తిపాడు, చెముడుగుంట, కాకుటూరు దాకా తిరిగాం. ఒక లేఔట్లో 40 అంకణాల ప్లాటు నచ్చింది. రోడ్లు వేసేశారు, కరెంటు స్తంభాలు పాతారు, ముందర పెద్ద ఆర్చి కూడా ఉంది. నేను చూసింది ఏప్రిల్లో. నీళ్లు, ఆస్పత్రి, బస్సులు, వానాకాలం సంగతి అక్కడ ఉంటున్నవాళ్లే చెప్పగలరు. నాన్నకి షుగరు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. అడ్వాన్సు ఇవ్వమని రోజూ ఫోన్లు వస్తున్నాయి.

కాకుటూరు నుంచి
విక్రమ సింహపురి యూనివర్సిటీ ఇక్కడికి వచ్చాకే మా ఊరు మారింది. అంతకుముందు హైవే మీద బస్సు ఆపమంటే ఆపేవాళ్లు కాదు. ఇప్పుడు పిల్లల కోసం గదులు కట్టి అద్దెకి ఇచ్చే ఇళ్లు వచ్చాయి, టిఫిన్ బండ్లు వచ్చాయి, జెరాక్సు షాపులు వచ్చాయి. సెలవులిస్తే మాత్రం వీధులన్నీ బోసిపోతాయి. పెద్దవాళ్లు ఇద్దరే ఉండాలంటే ఆలోచించుకోండి. రాత్రి తొమ్మిది దాటితే అయ్యప్పగుడి సెంటర్ నుంచి షేర్ ఆటో దొరకడం కష్టం. సొంత బండి లేకపోతే ఇబ్బందే.

ఆస్పత్రికి భయం లేదు. హైవే ఎక్కితే చింతారెడ్డిపాళెం మెడికల్ కాలేజీకి దారి సూటిగా ఉంటుంది. టౌన్లో ఉండేవాళ్లు ట్రాఫిక్కులో పడి వచ్చేదానికన్నా మేమే ముందు చేరతాం.

తిరుపతి కోడలు
ఒక్క మాట. మాది తిరుపతి, పెళ్లయి నెల్లూరు వచ్చాను. మా నాన్న నా పేరున ప్లాటు కొందామని వచ్చి ‘30 అంకణాలు’ అంటే చాలా చిన్నదనుకుని వెనక్కి వెళ్లిపోయారు. మా వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. మీ 40 అంకణాలంటే 320 గజాలన్న మాట. నోటితో అంకణాల్లో మాట్లాడుకుంటారు, డాక్యుమెంటులో గజాలు రాస్తారు. రేటు మాట్లాడేటప్పుడు రెండూ కాగితం మీద పక్కపక్కన రాయించుకోండి.

మూలాపేట అబ్బాయి
థాంక్స్ అక్కా. మా చెన్నై ఫ్రెండ్సుకి సెంట్లలో చెబితేనే అర్థమవుతుంది. సెంటుకి ఆరు అంకణాల లెక్కన ఆరున్నర సెంట్లు పైచిలుకు అని చెబుతున్నా.

పడుగుపాడు
నేను పెన్న అవతల కోవూరు వైపు ఉంటాను, అయినా చెబుతా. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు మా పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. హైవే కూడా దెబ్బతిని బండ్లు ఆగిపోయాయి. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునిగిన సంగతి నెల్లూరులో అందరికీ తెలుసు. ఆ ఏడాది నుంచి జనం ఏటికి దూరంగా ఉంటే చాలని దక్షిణం పక్కకి ఎగబడ్డారు. కానీ తమ్ముడూ, ఇల్లు మునగాలంటే ఏరే రానక్కర్లేదు.

కయ్యగట్టు
పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రైతు కొడుకుని. మా ఊరి పేరు రాయను, మా పక్క లేఔట్ గొడవ ఇంకా తెగలేదు. హైవేకి తూర్పున అని మాత్రం చెబుతా.

మా కయ్యలు, అంటే వరి మళ్లు, సర్వేపల్లి కాలవ కింద ఉండేవి. మా తాత మొలగొలుకులు అనే పాత వరి రకం పండించాడు. నాన్న కాలానికి 34449 వచ్చింది, నెల్లూరు మసూరి అంటారే, అది. ఎకరాకి మూడు పుట్లకి తగ్గేది కాదు. మా పుట్టి 850 కిలోలు, బయటివాళ్ల కోసం చెబుతున్నా. ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్లు అందిన సంవత్సరం రెండు పంటలు. కాలవ చివరన ఉండబట్టి అందని సంవత్సరాలే ఎక్కువ. అక్క పెళ్లి, నా చదువు, అప్పు, ఇవన్నీ కలిసి 2016లో నాన్న రెండెకరాలు లేఔట్‌కి అమ్మేశాడు. నేను ఆయన్ని తప్పుపట్టను.

ఇప్పుడు అసలు సంగతి. కయ్య అంటే ఊరికే చదునుగా ఉండే నేల కాదు. పై కయ్యలో నీళ్లు నిండితే గట్టుకి పెట్టిన మడవలోనుంచి కింది కయ్యకి, అక్కడినుంచి దాని కిందికి, అట్లా దిగుతూ దిగుతూ చివరికి పారుదల కాలవలో కలుస్తాయి. మా ఊరి చెరువు నిండి కలుజు (నీళ్లు పొర్లిపోయే చోటు) పారినా ఆ నీళ్లు కూడా ఆ దారినే పోవాలి. లేఔట్ వేసినోళ్లు మా పక్క ఎర్ర గ్రావెల్ మూడడుగులు తోలి చదును చేశారు. ఎనిమిది అడుగుల వెడల్పు కాలవ ఉన్నచోట రోడ్డు కింద రెండు సిమెంటు గొట్టాలు వేశారు. ఒక్కో గొట్టంలో మా చిన్నోడు వంగి దూరగలడు, అంతే.

2021 నవంబరులో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. రెండో రోజు రాత్రి గొట్టాలకి ప్లాస్టిక్కూ, గుర్రపుడెక్కా అడ్డం పడింది. పొద్దున లేచేసరికి లేఔట్ వాళ్ల రోడ్డు పొడిగా ఉంది, మా పాతూరి వీధిలో మోకాలి లోతు నీళ్లు. మా వడ్ల బస్తాలు మంచం మీదికి ఎక్కించాం, అయినా కింది వరస తడిసింది. వీధిలో కొర్రమీను ఈదతా ఉంటే పిల్లకాయలు దోమతెర పట్టుకుని దిగారు. వాళ్లకి సంబరం. మా అమ్మ మాత్రం పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది, నలభై ఏళ్లలో ఆ ఇంట్లోకి నీళ్లు రావడం అదే మొదలు.

మీరు చూసింది ఏప్రిల్లో. మన వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్లో ఏ ప్లాటైనా బాగుంటుంది.

ఇంటిముందు వేప
కయ్యగట్టు తమ్ముడూ, నీ పోస్టు చదివి మనసు బరువైంది. నేను అట్లాంటి లేఔట్లోనే ఉంటాను, చెముడుగుంట దగ్గర. మా ఊరి పాతవాళ్లు మమ్మల్ని ‘ప్లాట్లోళ్లు’ అంటారు. వచ్చిన కొత్తలో ఆ మాట గుచ్చుకునేది. పంచాయతీకి ఇంటి పన్ను కడుతున్నాం, మమ్మల్ని ఊరివాళ్లు అనరేంటని.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మా లేఔట్ కాలవ నీళ్లన్నీ ఎస్సీ కాలనీ వైపు తిరిగాయి. అప్పటిదాకా ఆ కాలవ ఎటు పోతుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ రాత్రి వాళ్లు గడ్డపారలు తీసుకుని మా రోడ్డు తవ్వడానికి వచ్చారు. మా వాళ్లు అడ్డుపడ్డారు. కొట్లాట అయ్యేదే. వాళ్లలో ఒక పెద్దావిడ, చీర మోకాళ్ల దాకా దోపుకుని తడిసిపోయి, ‘అమ్మా, మా ఇంట్లో బాలింత ఉండాది, నువ్వొచ్చి చూడు’ అంది నాతో. టార్చి పట్టుకుని వెళ్లాను. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, ఆ అమ్మాయిని, పసిబిడ్డని పైన పడుకోబెట్టారు. మంచం కింద నీళ్లు కదులుతున్నాయి.

తిరిగొచ్చి మా ఆయనకి, పక్కింటివాళ్లకి చెప్పాను. మేమే దగ్గరుండి రోడ్డు తవ్వించాం. తర్వాత గ్రామసభలో ఇద్దరం కలిసి అడిగితేనే అక్కడ పెద్ద తూము కట్టారు. ఇప్పుడు ఆ పెద్దావిడ దగ్గరే పాలు పోయించుకుంటున్నాం. సంక్రాంతికి మా అమ్మాయి వాళ్ల వీధిలో ముగ్గు వేసి వచ్చింది.

అబ్బాయీ, ఇక్కడికి వస్తే ముందు ఓటు ఈ ఊరికి మార్పించుకోండి. మా లేఔట్లో సగం మందికి ఓట్లు ఇంకా టౌన్లోనే ఉన్నాయి. అట్లా ఉంటే సర్పంచ్ దగ్గర మన మాటకి బరువుండదు.

హైవే పక్కన
హైవే దాటడం గురించి ఎవరూ రాయలేదు. మా నాన్న టీవీఎస్ మీద పాలకేంద్రానికి వెళ్తూ డివైడర్ సందులోనుంచి దాటబోయి లారీ కింద పడబోయాడు, కాలు విరిగింది. అండర్‌పాస్‌కి వెళ్లి రావాలంటే చుట్టు తిరగాలి, అందుకే అందరూ సందులోనుంచే దాటతారు. పిల్లలున్నవాళ్లు, ముసలివాళ్లున్నవాళ్లు బడి, గుడి, కూరగాయల అంగడి రోడ్డుకి ఏ పక్క ఉన్నాయో చూసి ఆ పక్కే కొనండి. టోల్‌గేటుకి ఇవతలో అవతలో కూడా చూసుకోండి, కారుంటే ప్రతి నెలా తేడా తెలుస్తుంది.

రెవెన్యూలో పనిచేసినవాడిని
రిటైరయ్యాను, తెలిసింది చెబుతా. లేఔట్‌కి అనుమతి ఎవరిచ్చారో అడగండి. నెల్లూరు చుట్టూ 2017 నుంచి నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఉంది, దాని ఆమోదం పొందిన లేఔట్‌కి నంబరు ఉంటుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌ని రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు చేయాలి. లేఔట్లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి పంచాయతీ పేరున రాసివ్వాలి. బ్రోషర్లో ‘పార్కు’ అని పచ్చరంగు వేస్తే సరిపోదు, ఆ గిఫ్టు డీడ్ చూడాలి. నాలుగేళ్ల తర్వాత ఆ పార్కే ప్లాట్లుగా అమ్ముడుపోయిన చోట్లు నేను చూశాను.

రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. 1977 చట్టం కిందికి వచ్చే అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది), అలాగే చుక్కల భూమి (పాత రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలు ఉన్నది) మన జిల్లాలో తక్కువేమీ కాదు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల జాబితా, ముప్పై ఏళ్లకి తీయించండి. లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా ఉండాలి.

ఇంకోటి, దీన్ని చాలామంది అడగరు. ఆ సర్వే నంబరుకే కాదు, చుట్టుపక్కల నంబర్లకి కూడా ఎఫ్‌ఎంబీ పటం (సర్వే శాఖ పొలం కొలతల పటం) తీసుకోండి. వాగు పోరంబోకు, కాలవ పోరంబోకు అందులో గీతలుగా ఉంటాయి. ఆ గీత మీద ఇప్పుడు ఏముందో నేల మీద నిలబడి చూడండి. కయ్యగట్టు చెప్పిన కాలవ ఎవరి సొంత పట్టాలో అయినా ఉంటే మాత్రం పటంలో దొరకదు. అది ఊరివాళ్లకే తెలుస్తుంది.

మూలాపేట అబ్బాయి
సార్, చాలా మేలు చేశారు. కయ్యగట్టు అన్నా, పటంలో లేని కాలవని కొత్తవాళ్లం ఎట్లా కనిపెట్టాలి?

కయ్యగట్టు
గ్రావెల్ తోలని ప్లాటు ఏదన్నా మిగిలి ఉంటే దాన్ని చూడు తమ్ముడూ. తుంగ, జమ్ము మొలిచి ఉంటే అక్కడ నీళ్లు నిలుస్తాయని అర్థం. ఎండాకాలంలోనూ తుంగ మోడు కనిపిస్తుంది, కాలితో గీకితే గడ్డలు బయటపడతాయి. తాటిచెట్లు ఒకే వరసలో పోతా ఉంటే అది పాత కట్టో, కాలవ గట్టో అయి ఉంటుంది. ఆ వరస లేఔట్లోకి వచ్చి ఆగిపోతే, కాలవ కూడా అక్కడే ఆగిందని అనుమానించు. గొర్రెలు మేపేవాళ్లని అడుగు. వాళ్లకి అమ్మేదీ లేదు, కొనేదీ లేదు. ఏ మిట్ట ఆరి ఉంటుందో, ఏ పల్లం ఊరుతుందో మందకోసం వాళ్లు రోజూ చూస్తారు.

ఒంగోలు నుంచి
మా ఒంగోలులోనూ ఇదే కథ. పేర్నమిట్ట వైపు ఊళ్లన్నీ కార్పొరేషన్‌లో కలిసిపోయాయి, ఇళ్లు లేచాయి. మాకు మునిగే భయం కన్నా మంచినీళ్ల బాధ ఎక్కువ. కొళాయి నీళ్లు రోజూ రావు. సంపు పెద్దది కట్టించుకోండి, తర్వాత కట్టించాలంటే ఇల్లంతా తవ్వాలి.

కాకుటూరు నుంచి
నీళ్లంటే గుర్తొచ్చింది. హైవేకి తూర్పుగా సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్లు ఉప్పదనం తిరుగుతాయి. పడమరగా ఎర్రనేలల్లో నీళ్లు తియ్యగా ఉంటాయి కానీ లోతుకి పోవాలి. పక్కింటి బోరు నీళ్లు గ్లాసులో పట్టి తాగి చూడండి, వాళ్లింట్లో కుక్కర్ అడుగు చూడండి. తెల్లగా పొర కట్టి ఉంటే తెలిసిపోతుంది.

మూలాపేట అబ్బాయి
ఆదివారం నాన్నని తీసుకుని మళ్లీ వెళ్లొచ్చాను. ఆర్చి దగ్గర ఆఫీసులో ఎవరినీ కలవలేదు. వెనక పక్కనుంచి నడిచి వెళ్లాం. కంచె అవతల తాటిచెట్లు పదకొండు ఉన్నాయి, వరసగా. పన్నెండోది మాకు చూపించిన ప్లాటు మూలన మొదలంటా నరికేసి ఉంది. నాన్న ఆ మొద్దు మీదే కూర్చుని చెప్పుతో నేల గీకాడు. గ్రావెల్ కింద నల్లమట్టి, అందులో తుంగగడ్డ. మేకలు తోలుకుపోతున్న ఒకాయన్ని నాన్న అడిగాడు. ‘ఇది కలుజు కాలవ సామీ, మేం ఇక్కడ ఈదేవాళ్లం’ అన్నాడు.

అడ్వాన్సు ఇవ్వనని ఫోన్‌లో చెప్పేశాను. కాకుటూరు అన్నా, పడమర పక్క ఎర్రనేలలో ఊరికి ఆనుకుని పాత ఇల్లున్న స్థలం ఒకటి అమ్మకానికి ఉందని ఆ మేకలాయనే చెప్పాడు. 26 అంకణాలే. ఆ పక్క బోరు ఎన్ని అడుగులు పోవాలి?

కాకుటూరు నుంచి
ఒక్కో చోట ఒక్కో రకం తమ్ముడూ, ఇక్కడ కూర్చుని చెబితే తప్పవుతుంది. వచ్చే ఆదివారం పొద్దున రా, మా పక్కింటాయన బోర్లు వేసే బండి మీద పనిచేస్తాడు, ఆయన్ని తీసుకుని పోదాం. నాన్నగారిని కూడా పిలుచుకురా.

ఇంటిముందు వేప
మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రండి ముగ్గురూ. చేపల పులుసు పెడతాను, నాన్నగారికి షుగరు కాబట్టి అన్నం తక్కువే వడ్డిస్తాలే.