నియాన్ బోర్డు మసకగా వెలుగుతోంది, కరెంటు రాగానే తనంతట తానే మెరుస్తోంది

హన్మకొండ_చాయ్:
అందరికీ నమస్కారం. హన్మకొండ చౌరస్తా దగ్గర మా బావ నడిపే చాయ్ దుకాణం కోసం కాకతీయ తోరణం ఆకారంలో ఒక బోర్డు చేశాను. వాడింది గాజు గొట్టంలో వాయువు నింపే అసలు నియాన్ కాదు, సిలికాన్ తొడుగులో ఎల్ఈడీలు ఉండే 12 వోల్టుల నియాన్ ఫ్లెక్స్. 3 మీటర్లు పట్టింది, చుట్ట మీద మీటరుకు 8 వాట్లు అని రాసి ఉంది. నోడ్ఎంసీయూ (ప్రోగ్రామ్ నడిపే చిన్న కంట్రోలర్) డీ4 పిన్ను నుంచి ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) గేటుకు, అంటే ఆ స్విచ్‌ను తెరిచే కాలుకు, తీగ ఇచ్చి, పాత టీవీ రిమోట్‌తో వెలుగు పెంచేలా, తగ్గించేలా ప్రోగ్రామ్ రాశాను. పూర్తి వెలుగు పెట్టినా తోరణం మసకగానే ఉంటోంది, పది నిమిషాలకే మాస్‌ఫెట్ మీద వేలు ఆనించలేకపోతున్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరూ రిమోట్ నొక్కకుండానే బోర్డు ఒకసారి మెరిసి ఆరిపోతోంది. మా బావ దానికి దిష్టి తీయమంటున్నాడు. మాస్‌ఫెట్ మార్చి చూసినా ఫలితం లేదు.

కాజీపేట_సర్క్యూట్:
మాస్‌ఫెట్ బదులు రిలే (కరెంటుతో కదిలే స్విచ్) పెట్టేయండి, వేడి గొడవే ఉండదు.

సోల్డర్_పొగ:
రిలేతో వెలిగించడం, ఆర్పడం తప్ప వెలుగు తగ్గించడం కుదరదు కదా. మీరు అదే రకం మాస్‌ఫెట్ మళ్లీ పెట్టి ఉంటారు, లోపం అక్కడే ఉంది. దాని డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) గేటు త్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని చూసి నోడ్ఎంసీయూ పిన్ను ఇచ్చే 3.3 వోల్టులు చాలుననుకుంటాం గానీ, ఆ అంకె కరెంటు బొట్టుబొట్టుగా మొదలయ్యే చోటును మాత్రమే చెబుతుంది; పూర్తిగా తెరుచుకున్నప్పటి నిరోధాన్ని వాళ్లు గేటుకు 10 వోల్టులు ఇచ్చి కొలిచారు. బోర్డు పూర్తి వెలుగులో ఉండగా మాస్‌ఫెట్‌లో కరెంటు పారే రెండు కాళ్లు, డ్రెయిన్, సోర్స్‌ల మధ్య మల్టీమీటరు పెట్టండి. అక్కడ ఒక వోల్టుకు మించి కనిపిస్తే ఎల్ఈడీలకు అందవలసినది మాస్‌ఫెట్‌లో వేడిగా పోతోందన్నమాట. 2.5 వోల్టుల గేటుకే తక్కువ నిరోధం హామీ ఇచ్చే ఏఓ3400 మాస్‌ఫెట్ మీ 2 ఆంపియర్లకు సరిపోతుంది, కాకపోతే బియ్యపుగింజంత ఉంటుంది కాబట్టి సన్నని మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ కావాలి.

ఓరుగల్లు_పిన్ను:
మెరుపు సంగతి నేను చెబుతాను. నోడ్ఎంసీయూ మీద ఉండే ఈఎస్పీ8266 చిప్‌లో డీ4 అంటే జీపీఐఓ2 అనే పిన్ను. చిప్ మేల్కొనేటప్పుడు అది హై స్థితిలో (3.3 వోల్టుల దగ్గర) ఉండి తీరాలి, అందుకే నోడ్ఎంసీయూలోనే దాన్ని రెసిస్టర్‌తో పైకి లాగి ఉంచుతారు. మీ ప్రోగ్రామ్ మొదలవకముందే గేటు తెరుచుకునేది ఇందువల్లే. ఆ పిన్నును 10 కిలో ఓముల రెసిస్టర్‌తో కిందికి లాగుదామని మాత్రం ప్రయత్నించకండి, చిప్ అసలు మేల్కొనకపోవచ్చు. తీగను డీ1కి మార్చండి, మేల్కొనేటప్పుడు అది లో స్థితిలోనే (సున్నా వోల్టుల దగ్గరే) ఉంటుంది. 10 కిలో ఓముల రెసిస్టర్‌ను అప్పుడు గేటుకూ సోర్స్‌కూ మధ్య పెట్టుకోవచ్చు.

హన్మకొండ_చాయ్:
కొలిస్తే 1.9 వోల్టులు వచ్చింది. ఏఓ3400 పెట్టి, తీగను డీ1కి మార్చాక అదే చోట 0.06 వోల్టు చూపిస్తోంది, గంటసేపు వెలిగించినా వేలికి గోరువెచ్చగానే తగులుతోంది. మెయిన్ స్విచ్ ఆరుసార్లు ఆపి వేసినా బోర్డు మెరవలేదు. సాయంత్రం ఎండ నేరుగా రిసీవరు మీద పడినప్పుడు రిమోట్ రెండు మూడుసార్లు నొక్కవలసి వస్తోంది. ఆదివారం దానికి నల్లటి గొట్టం తొడిగి చూస్తాను.