కాడి కొమ్ములకు ఎందుకు కట్టారు? రోజా బొనర్ దుక్కి బొమ్మ గురించి

హనుమకొండ_రైతుబిడ్డ:
ఫ్రాన్స్ చిత్రకారిణి రోజా బొనర్ 1849లో వేసిన 'నివెర్నేలో దుక్కి' బొమ్మ (నివెర్నే అంటే ఫ్రాన్స్ నడుమ ఉన్న ఒక ప్రాంతం) (పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది) నిన్న ఫోన్‌లో మా బాపుకు చూపించాను. ఒక్కో నాగలికి ఆరు చొప్పున 12 ఎడ్లు. బాపు చాలాసేపు చూసి, "ఇదేంది, కాడి మెడ మీద లేదు, కొమ్ములకు కట్టిండ్రు" అన్నాడు. వేసినావిడ తప్పు చేసిందా, అక్కడ అట్లనే కడతారా? ఇంకోటి, ఎడ్లు అంత పెద్దగా, దున్నే మనుషులు సగం వాటి చాటునే ఎందుకున్నారు?

రేగడి_చెల్క:
తప్పు కాదు అన్నా, మీ బాపు సరిగ్గానే పట్టుకున్నాడు. మన ఎద్దుకు మూపురం ఉంది, కాడి దాని ముందు ఆనుతుంది, ఎద్దు మూపుతో నెట్టుకుంటూ పోతుంది. వాళ్ల జాతులకు మూపురమే లేదు, అందుకే ఫ్రాన్స్‌లో చాలాచోట్ల కాడిని తలకు ఆనించి కొమ్ములకు తోలు పట్టీలతో బిగించేవాళ్లు. అట్లా కడితే జోడీలో ఏ ఎద్దూ తన ఇష్టానికి తల తిప్పలేదు.

పరకాల_అక్క:
రెండో ప్రశ్నకు నాకు తోచింది చెప్తాను. 1848లో ఫ్రాన్స్ ప్రభుత్వమే 3,000 ఫ్రాంకులకు ఈ బొమ్మ వేయమంది. చూపించింది చలికాలానికి ముందు నేల తిరగేసే మొదటి దుక్కి, మనం వానలకు ముందు వేసవి దుక్కి దున్నినట్టు. అక్కడ కష్టం ఎద్దుది, అందుకే బొమ్మ కూడా ఎద్దుదే. మధ్యలో ఒక ఎద్దు మన దిక్కే చూస్తుంటుంది, చూశారా? పశువును అంత దగ్గరగా చూడనివాళ్లు ఆ కన్ను వేయలేరు. ఆ కాలం పారిస్‌లో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలి, ఆవిడ అది తీసుకొని మరీ మగవాళ్లతో నిండిన పశువుల సంతల్లో తిరిగి బొమ్మలు గీసుకుంది.

జమ్మికుంట_అంగడి:
మీ బాపుకు ఇంకో ఫ్రాన్స్ చిత్రకారుడు మిలే 1864లో ప్రదర్శించిన దూడ బొమ్మ కూడా చూపించు తమ్మీ. పొలంలో పుట్టిన దూడను ఇద్దరు మనుషులు స్ట్రెచర్ లాంటి దాని మీద పెట్టుకొని ఇంటికి తెస్తుంటారు, వెనక తల్లి ఆవు దాన్ని నాకుకుంటూ వస్తుంది. దూడను దేవుణ్ణి ఊరేగించినట్టు మోస్తున్నారని అప్పటి విమర్శకులు ఎక్కిరించారు. మనిషి మొఖం ఎట్లుండాలో మోసే బరువే చెప్తుంది, మోసేది దేవుడైనా దూడైనా ఒకటే అని మిలే అన్న మాట నాకు చాలా ఇష్టం, ఆయన నార్మండీలో రైతు కొడుకు మరి. చేను గట్టు మీద మా ఆవు ఈనితే నేనూ మా అన్నా దూడను గోనెసంచిలో వేసుకొని రెండు కొసలు పట్టుకొని తెచ్చాం, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, చేతులు గుంజుతుంటే మాట ఎట్లా వస్తుంది?

హనుమకొండ_రైతుబిడ్డ:
అందరికీ చాలా థాంక్స్. కాడి సంగతి చెప్తే బాపు తన మెడ తడుముకొని తలూపాడు. దూడ బొమ్మ కూడా చూపించాను. మొదట అడిగింది ఒకటే, "ఆవు మాయ వేసిందా?" అని (ఈనినాక పడే మాయ). ఇప్పుడు ఆవు వెనక భాగం జూమ్ చేసి చూస్తున్నాడు.